హాల్లో టీవీ పక్కన చిన్న గేమింగ్ పీసీ: ఎక్కడ పెట్టాలి, ఏమేం మార్చాలి?

నిజాంపేట_నివాసి | శుక్రవారం రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్ళుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది నిజాంపేటలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. అమ్మానాన్న మాతోనే ఉంటారు. నా పీసీ మా బెడ్‌రూమ్‌లో కిటికీ పక్కన ఉండేది. ఇప్పుడు పాపకి ఎనిమిదో నెల. రాత్రి నేను ఆట మొదలుపెడితే ఫ్యాన్ల చప్పుడుకీ, స్క్రీన్ వెలుగుకీ పాప లేచిపోతోంది. నాలుగు నెలల నుంచి ఆన్ చేయడమే మానేశాను. ఆఫీసు పని అయ్యాక గంటన్నర ఆడుకుంటే నాకు ప్రాణం తేలికపడుతుంది. అది వదులుకోవాలని లేదు.

హాల్లో 55 అంగుళాల 4కే టీవీ ఉంది. తొమ్మిదిన్నర వరకు అమ్మ సీరియల్స్, తర్వాత నాన్న వార్తలు. పదిన్నరకి ఇద్దరూ పడుకుంటారు. అక్కణ్ణుంచి పన్నెండు వరకు హాలు ఖాళీ. వాళ్ళ గది తలుపు మాత్రం టీవీకి సరిగ్గా పక్కనే.

ఉన్న సామాను: రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డు (రెండు ఫ్యాన్ల మోడల్), 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 550 వాట్ల మామూలు ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై). క్యాబినెట్ పెద్దది, మోకాలి దాకా వస్తుంది. దాన్ని హాల్లో పెడతానంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, నాకూ ఇష్టం లేదు.

టీవీ యూనిట్ కార్పెంటర్ చేత చేయించిన ప్లైవుడ్‌ది. కింద షట్టర్లున్న అర ఒకటి ఖాళీగా ఉంది. వెడల్పు రెండడుగులు, లోతు 14 అంగుళాలు, ఎత్తు 9 అంగుళాలు. వెనక ప్లై మూసేసి ఉంది, వైర్లకి గుప్పెడంత రంధ్రం ఒకటే. చిన్న క్యాబినెట్ తెచ్చి అందులో పెట్టేసి షట్టర్ వేసేస్తే ఎవరికీ కనబడదు కదా అని నా ఆలోచన. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఇవే వాడుకోవాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

చిన్నపెట్టె | శనివారం ఉదయం 7:15

స్వాగతం అన్నా. కొలతలతో సహా రాశావు, అందుకే సమాధానం చెప్పడం సులువు.

ముందు కొనాల్సినవి చెప్తాను. మదర్‌బోర్డు మినీ ఐటీఎక్స్ కావాలి. అది 170 మిల్లీమీటర్ల చదరం, అంటే మన అరచేయి చాపితే దాదాపు అంత. నీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఏఎం4 రకం కాబట్టి బీ550 ఐటీఎక్స్ బోర్డు చూడు. కొత్తవి దొరకడం తగ్గింది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల సముదాయం) వెళ్ళి నాలుగు షాపుల్లో అడుగు, ఒక్కోచోట పాత స్టాకు ఉంటుంది. ఎస్ఎంపీఎస్ కూడా మారాలి. నీదగ్గరున్నది ఏటీఎక్స్, దాని వెడల్పు 150 మిల్లీమీటర్లు. చిన్న క్యాబినెట్లకి ఎస్ఎఫ్ఎక్స్ కావాలి, వెడల్పు 125, లోతు 100, మందం 63.5. నీ కార్డుకి 550 లేదా 600 వాట్లది హాయిగా సరిపోతుంది. కొత్త ర్యామ్ కొనాల్సిన పని లేకపోవడం నీ అదృష్టం, 2025 చివర్లో అది ఎంత పెరిగిందో అందరం చూశాం.

క్యాబినెట్లని లీటర్లలో కొలుస్తారు. మామూలు టవర్ 45, 50 లీటర్లు ఉంటుంది. కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 దాదాపు 18 లీటర్లు. అందులో కట్టడం సులువు, మొదటిసారి కట్టేవాళ్ళకి నేను అదే చెప్తాను. ఫ్రాక్టల్ రిడ్జ్ 12.6 లీటర్లు, సన్నగా నిలబడుతుంది, పడుకోబెట్టినా పర్లేదు. ఫ్రాక్టల్ టెర్రా 10.4 లీటర్లు, అంటే మొదట్లో వచ్చిన పీఎస్5 ఎంతో దాదాపు అంతే. పది, పన్నెండు లీటర్లకి దిగితే ప్రాసెసర్ కూలర్ కూడా పొట్టిది కావాలి. థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90 ఎక్స్47 ఎత్తు 47 మిల్లీమీటర్లే, 5600కి చాలు.

కొనేముందు ఒక పని చెయ్. నచ్చిన క్యాబినెట్ కొలతలతో అట్టపెట్టె ఒకటి కత్తిరించి, టేపు వేసి, హాల్లో పెట్టాలనుకున్న చోట వారం రోజులు ఉంచు. ఊడ్చేటప్పుడు అడ్డమొస్తోందా, సోఫా నుంచి చూస్తే ఎలా ఉంది, అమ్మగారికి కాలికి తగులుతోందా, అన్నీ ఆ వారంలోనే తెలిసిపోతాయి. నేను ఇప్పటిదాకా కట్టిన మూడింటికీ అలాగే చేశాను. పెట్టె వెనక మూడు వేళ్ళ జాగా వదలడం మర్చిపోవద్దు. హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కసారిగా వంగదు.

షట్టర్ల అర సంగతి: అందులో పెట్టొద్దు. ఎందుకో సాయంత్రం వివరంగా రాస్తాను, ఇప్పుడు డ్యూటీకి టైమవుతోంది.

మియాపూర్_మెట్రో | శనివారం ఉదయం 9:02

ఇంత తంటా ఎందుకు బ్రో, వాల్వ్ కంపెనీ వాళ్ళ చిన్న గేమింగ్ పీసీ, స్టీమ్ మెషిన్ తెప్పించుకోవచ్చు కదా? హాలు కోసమే చేసింది అది.

రెండో_ప్లేయర్ | శనివారం ఉదయం 10:20

2025 నవంబర్‌లో ప్రకటించినప్పుడు నాకూ చాలా ఆశ పుట్టింది. దాదాపు ఆరంగుళాల ఘనం, ఆరు కోర్ల ఏఎండీ జెన్ 4 ప్రాసెసర్, 8 జీబీ వీడియో మెమరీ, పవర్ సప్లై కూడా లోపలే. హాల్లో పెట్టుకోవడానికి అంతకన్నా చక్కటి ఆకారం ఉండదు. కానీ 2022లో వచ్చిన, చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌నే వాల్వ్ మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. బయటినుంచి తెప్పించినది పాడైతే వారంటీకి ఎవరిని అడుగుతాం? పైగా ఈయన దగ్గర మంచి కార్డు, ప్రాసెసర్ ఉన్నాయి. ఉన్నవి పక్కన పడేసి కొత్తది కొనమనడం నాకు సబబు అనిపించడం లేదు.

కేబుల్_కాలనీ | శనివారం మధ్యాహ్నం 1:45

అసలు పీసీని కదపకుండా ఆడే దారి కూడా ఉంది. బెడ్‌రూమ్ పీసీలో ఆటని నెట్‌వర్క్ మీద పంపే సన్‌షైన్ సాఫ్ట్‌వేర్ వేసి, ఆండ్రాయిడ్ టీవీలో మూన్‌లైట్ యాప్ పెట్టుకుంటే ఆట టీవీకి వచ్చేస్తుంది. రెండు వైపులా లాన్ కేబుల్ ఉంటే ఆలస్యం పెద్దగా తెలియదు. టీవీల లాన్ పోర్టు చాలావాటికి 100 మెగాబిట్లే ఉంటుంది, అయినా 50 మెగాబిట్లు పెట్టుకుంటే బొమ్మ శుభ్రంగా వస్తుంది. వైఫై మీద మాత్రం వద్దు. అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్ళ రూటర్లు ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి.

నిజాంపేట_నివాసి | శనివారం మధ్యాహ్నం 2:10

థాంక్స్ అన్నా. కానీ అలా చేసినా పీసీ పాప నిద్రపోయే గదిలోనే తిరుగుతుంది కదా. చప్పుడు, వేడి రెండూ అక్కడే. ఆ గది నుంచి బయటికి తీసుకురావడమే నా అసలు అవసరం.

చిన్నపెట్టె | శనివారం సాయంత్రం 6:50

ఇప్పుడు ఆ అర సంగతి.

3060 టీఐ గట్టిగా పనిచేస్తే 200 వాట్లు తీసుకుంటుంది. ప్రాసెసర్, బోర్డు, మిగతావన్నీ కలిపితే మొత్తం 300 వాట్ల దగ్గరికి వస్తుంది. పీసీ తీసుకునే కరెంటంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. పాత 60 వాట్ల బల్బులు ఐదు ఒక చెక్క అరలో పెట్టి, వెలిగించి, తలుపు మూసేస్తే ఎలా ఉంటుందో ఊహించు. నువ్వు చేయబోయేది సరిగ్గా అదే.

ఫ్యాన్లు గాలిని కదుపుతాయి గానీ చల్లబరచవు. లోపలికి పోయే గాలి ఎంత వేడిగా ఉంటే చిప్పు అంత వేడెక్కుతుంది. మూసిన అరలో బయటికి తోసిన వేడిగాలినే ఫ్యాన్ మళ్ళీ పీలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళో బయట 40 దాటుతుంది, చాలా ఇళ్ళలో హాల్లో ఏసీ ఉండదు. రాత్రి పదకొండింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. ఆ గాలి అరలోకి వెళ్ళి ఇంకో పదిహేను డిగ్రీలు ఎక్కితే కార్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు ఫ్యాన్లు ఆఖరి స్పీడులో అరుస్తాయి. చప్పుడు దాచడానికి పెట్టిన షట్టరే చప్పుడు పెంచుతుంది.

కొండాపూర్_కోఆప్ | శనివారం రాత్రి 8:30

నేను ఒప్పుకోను అన్నా. నాది ఏడాదిన్నరగా టీవీ యూనిట్ అరలోనే ఉంది. ఏ ఇబ్బందీ లేదు.

చిన్నపెట్టె | శనివారం రాత్రి 8:41

మీ అరకి షట్టర్ ఉందా తమ్ముడూ? వెనక ప్లై ఉందా?

కొండాపూర్_కోఆప్ | శనివారం రాత్రి 8:55

షట్టర్ లేదన్నా, ముందు అంతా ఓపెన్. వెనక ప్లైని కార్పెంటర్ చేత దాదాపు అంతా కోయించేశాను. నా కార్డు 4060, అది 115 వాట్లదే. మీరు అడిగాక అర్థమైంది, నాది అర అనడం కన్నా స్టాండు అనడం నయం. నిజాంపేట అన్నా, ఆ 9 అంగుళాల ఎత్తులో మూసి పెట్టొద్దు.

వోల్టేజ్_మాస్టారు | ఆదివారం ఉదయం 6:30

నేను ఆటలు ఆడేవాణ్ణి కాదు, మా అబ్బాయి ఆడతాడు. ముప్పై ఏళ్ళు ఎలక్ట్రికల్ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి కరెంటు గురించి మాత్రం చెప్పగలను. ఈ విషయం ఇక్కడ ఎవరూ ఎత్తలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

మొదటిది ఎర్తింగ్. ఇలాంటి చిన్న క్యాబినెట్లు ఎక్కువ భాగం లోహంతో చేసినవి. తాకితే సన్నగా జిల్లుమంటోందని మా అబ్బాయి స్నేహితులు చాలామంది చెప్పారు. ఎస్ఎంపీఎస్ లోపల నాయిస్ తగ్గించడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, వాటినుంచి కొద్దిపాటి లీకేజీ బాడీకి వస్తుంది. ఎర్త్ సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే ముట్టుకున్న మనిషిలోంచి పోవాలని చూస్తుంది. హాల్లో పిల్లలు పాకుతుంటారు. ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉందన్నావు నాయనా, అందుకే ఇది అన్నిటికన్నా ముందు చూసుకో.

మల్టీమీటరుతో ఎలక్ట్రీషియన్ చేత చూపించు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర వస్తే, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. అపార్ట్‌మెంట్ కింద ఎర్త్ పిట్ ఉంటుంది, ఎండాకాలం అక్కడి మట్టి ఎండిపోతే ఎర్త్ బలహీనమవుతుంది. వాచ్‌మన్‌కి చెప్పి వారానికోసారి రెండు బకెట్లు నీళ్ళు పోయించండి. త్రీ పిన్ ప్లగ్గుని టూ పిన్ కన్వర్టర్‌లో పెట్టి వాడటం మాత్రం చేయొద్దు. ఎర్త్ లేనప్పుడు హెచ్‌డీఎంఐ కేబుల్‌ని పవర్ ఆన్‌లో ఉండగా పెట్టి తీస్తే టీవీ పోర్టు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. సెట్‌టాప్ బాక్సుకి వచ్చే కేబుల్ వైరు ఎక్కడో డాబా మీద ఇంకో ఎర్త్‌కి తగులుతుంది, సౌండ్‌బార్‌లో గుయ్‌మని హమ్మింగ్ వస్తే ముందు ఆ వైరు తీసి చూడు.

రెండోది ఇన్వర్టర్. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునేలోపు పీసీ ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్న చార్జితో నిలబడాలి. నిండా లోడు మీద అది పదహారు, పదిహేడు మిల్లీసెకన్లు నిలబడితే గొప్ప. ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్చు ఉంటుంది, మామూలు మోడ్‌లో మారడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే పది మిల్లీసెకన్ల లోపో, ఆ దరిదాపుల్లోనో మారుతుంది. ఆ స్విచ్చు యూపీఎస్ వైపు పెట్టుకో. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఇప్పటి ఎస్ఎంపీఎస్‌లకి పడదు, ప్యూర్ సైన్ వేవ్ కావాలి.

ఇన్వర్టర్ మీద ఆట కొనసాగించొద్దు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్స్ ఉంటాయి, నిజంగా చేతికొచ్చేది ఇంకా తక్కువ. పీసీ, టీవీ కలిసి 400 వాట్లు లాగితే ఆ రాత్రి ఇంట్లోవాళ్ళకి ఫ్యాన్ ఉండదు. సేవ్ చేసి ఆపేసే పాటి సమయం చాలు.

నిజాంపేట_నివాసి | ఆదివారం ఉదయం 8:05

మాస్టారూ, చాలా థాంక్సండీ. ఇది నాకు తట్టనే లేదు. ఇవాళే ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాను.

రెండో_ప్లేయర్ | ఆదివారం మధ్యాహ్నం 12:30

మా ఇంట్లో మూడేళ్ళుగా పీసీ హాల్లోనే ఉంది. మాది ఉప్పల్. నేనూ మా ఆయనా కలిసి ఆడతాం, అత్తయ్య మాతోనే ఉంటారు. పార్టుల గురించి అన్నలు చెప్పేశారు. ఇంట్లో మిగతావాళ్ళు ఇబ్బంది పడకుండా చూసుకోవడం గురించి నేను రాస్తాను. మా ఇంట్లో ఎక్కువ ఇబ్బంది అక్కడే వచ్చింది మరి.

మొదటి వారం మా ఆయన ఆడి, టీవీని హెచ్‌డీఎంఐ 2లోనే వదిలేసి పడుకునేవారు. పొద్దున అత్తయ్య భక్తి చానెల్ పెడదామంటే నల్లటి స్క్రీన్. టీవీ పాడైందని ఆవిడ కంగారు పడ్డారు. మామూలు గ్రాఫిక్స్ కార్డుల్లో హెచ్‌డీఎంఐ సీఈసీ ఉండదు. అంటే పీసీ ఆపేసినప్పుడు టీవీ తనంతట తాను సెట్‌టాప్ బాక్సుకి మారదు. అందుకని ఇన్‌పుట్ పేర్లు మార్చాం, ఒకటి ‘టీవీ చానెల్స్’, ఇంకోటి ‘ఆట’. రిమోట్‌లో సోర్స్ బటన్ మీద ఎర్ర స్టిక్కర్ చుక్క అంటించాను. ఆట అయ్యాక టీవీ చానెల్‌కి మార్చి పడుకోవడం ఇంట్లో నియమం. అత్తయ్యకి మళ్ళీ ఇబ్బంది రాలేదు.

టీవీలో గేమ్ మోడ్ తప్పకుండా పెట్టండి. మామూలు మోడ్‌లో టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ ఆలస్యం చేస్తుంది, బటన్ నొక్కిన తర్వాత ఎప్పుడో మనిషి ఎగురుతాడు. కొన్ని టీవీల్లో ఇన్‌పుట్ రకాన్ని ‘పీసీ’ అని మారిస్తేనే అక్షరాలు పదునుగా వస్తాయి, లేకపోతే ఎర్ర అక్షరాల అంచులు అలికినట్టు ఉంటాయి. స్క్రీన్ అంచులు కోసేసినట్టు కనిపిస్తే ఓవర్‌స్కాన్ ఆపేయండి. సోఫా పది అడుగుల దూరంలో ఉంటే విండోస్‌లో స్కేలింగ్ 250 లేదా 300 శాతం పెట్టుకోండి, కళ్ళు చికిలించే పని ఉండదు. ఆన్ అవగానే స్టీమ్ బిగ్ పిక్చర్ (కంట్రోలర్‌తోనే నడిపే పెద్ద అక్షరాల స్క్రీన్) తెరుచుకునేలా చేస్తే కీబోర్డు ఎప్పుడో గానీ అక్కర్లేదు. ఆ ఎప్పుడోకి టచ్‌ప్యాడ్ ఉన్న చిన్న వైర్‌లెస్ కీబోర్డు ఒకటి సోఫా కింద ఉంచుకోండి.

రంగురంగుల లైట్లు ఆపేయండి. చీకటి హాల్లో పడుకునే గది తలుపు కింద నుంచి ఆ వెలుగు లోపలికి పోతుంది.

ఇంకొకటి. ఒక్కరే ఆడితే అది మీ పీసీగానే ఉండిపోతుంది. రెండో కంట్రోలర్ కొనండి. ఇట్ టేక్స్ టూ లాంటిది ఒక కాపీతోనే ఒకే సోఫా మీద ఇద్దరు ఆడొచ్చు. మీ ఆవిడకి ఇష్టం ఉంటే పాప పడుకున్నాక ఆ గంట ఇద్దరిదీ అవుతుంది.

నిజాంపేట_నివాసి | పది రోజుల తర్వాత, బుధవారం రాత్రి 10:55

అప్‌డేట్ ఇస్తున్నాను, సాయం కూడా కావాలి.

అట్టపెట్టె చేసి వారం ఉంచాను. టీవీ కింద పెడితే ఊడ్చేటప్పుడు రోజూ జరపాల్సి వస్తోంది. అమ్మే దాన్ని తీసుకెళ్ళి దీవాన్ చివర, గోడకీ దీవాన్‌కీ మధ్య ఉన్న సందులో పెట్టింది. అక్కడ పైన తెరిచే ఉంటుంది, వెనక గోడకి జానెడు ఖాళీ ఉంది. టీవీకి మూడు మీటర్ల కేబుల్ చాలు. నాకన్నా అమ్మకే చోటు బాగా తెలిసింది.

ఎర్త్ చూపించాం. హాల్లో టీవీ వెనక సాకెట్‌కి ఎర్త్ వైరు స్క్రూ వదులైపోయి ఊడి ఉంది. ఎలక్ట్రీషియన్ బిగించి మళ్ళీ చూశాడు, ఇప్పుడు న్యూట్రల్, ఎర్త్ మధ్య ఒక వోల్టు చూపిస్తోంది. మాస్టారికి మా ఇంట్లో అందరి తరఫున నమస్కారాలు.

బోర్డు, ఎస్ఎంపీఎస్ సీటీసీలో దొరికాయి. క్యాబినెట్ మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, పదకొండు లీటర్లది. కార్డు బోర్డు వెనక్కి వచ్చేలా రైజర్ కేబుల్‌తో (కార్డునీ బోర్డునీ కలిపే వైరు) ఉంటుంది. నిన్న రాత్రి కట్టడం పూర్తయింది. ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బోర్డు లైటు వెలుగుతోంది, టీవీలో ఏమీ రావడం లేదు. కేబుల్ మార్చాను, ర్యామ్ తీసి పెట్టాను, మూడుసార్లు. కార్డు పోయిందేమోనని రాత్రంతా టెన్షన్.

చిన్నపెట్టె | బుధవారం రాత్రి 11:08

కార్డు పోయి ఉండదు, కంగారు పడకు. రైజర్ మీద దాని తరం (జనరేషన్) ఏమైనా రాసి ఉందా చూడు, జెన్ 3 అనో 4 అనో.

నిజాంపేట_నివాసి | బుధవారం రాత్రి 11:21

సైడ్ ప్యానెల్ తీసి ఫోన్ లైటుతో చూశాను. కేబుల్ చివర ‘3.0’ అని సన్నగా ఉంది.

చిన్నపెట్టె | బుధవారం రాత్రి 11:34

దొరికింది. నీ 5600, బీ550, 3060 టీఐ మూడూ పీసీఐఈ 4.0వి, అంటే బోర్డూ కార్డూ మాట్లాడుకునే దారిలో నాలుగో తరానివి. అవి 4.0 వేగంతో మాట్లాడుకోవాలని చూస్తాయి, మధ్యలో ఉన్న కేబుల్ ఆ వేగం మోయలేక సిగ్నల్ చెడిపోతుంది, స్క్రీన్ రాదు. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) ఆ స్లాటుని జెన్ 3కి, అంటే 3.0కి దించితే సరిపోతుంది. చిక్కేమిటంటే 5600లో సొంత గ్రాఫిక్స్ లేవు, బయోస్ చూడటానికి కూడా కార్డే కావాలి. కాబట్టి ఇలా చెయ్:

బోర్డుని క్యాబినెట్ నుంచి బయటికి తీసి, బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద పెట్టు. లోహం మీద వద్దు. కార్డుని రైజర్ లేకుండా నేరుగా స్లాటులో గుచ్చు, బరువు వేలాడకుండా కింద ఒక పుస్తకం ఆసరా పెట్టు. ఎస్ఎంపీఎస్ తగిలించి ఆన్ చేస్తే స్క్రీన్ వస్తుంది. బయోస్‌లో పీసీఐఈ స్లాట్ స్పీడు ‘ఆటో’ నుంచి ‘జెన్ 3’కి మార్చి సేవ్ చెయ్. ఆపేసి, ప్లగ్గు తీసేసి, మళ్ళీ రైజర్‌తో లోపల కట్టు. 16 లేన్లు (డేటా దారులు) ఉన్నాయి కాబట్టి జెన్ 3లో ఆటల వేగం తగ్గడం నీకు తెలియనైనా తెలియదు.

ఒకటి గుర్తుంచుకో. ఎప్పుడైనా బయోస్ అప్‌డేట్ చేసినా, బోర్డు మీద సెల్ తీసినా సెట్టింగ్ మళ్ళీ ఆటోకి పోతుంది. ఇదే నల్లటి స్క్రీన్ మళ్ళీ వస్తుంది. క్యాబినెట్ లోపలి వైపు ఒక చీటీ అంటించు.

నిజాంపేట_నివాసి | గురువారం రాత్రి 12:50

వచ్చింది అన్నా!! డైనింగ్ టేబుల్ మీద అట్టపెట్టె, కార్డు కింద మా ఆవిడ డిగ్రీ పుస్తకం పెట్టి చేశాం. టార్చ్ తనే పట్టుకుంది. చీటీ కూడా తనే రాసి అంటించింది. థాంక్స్ అనే మాట చాలదు.

ఆల్వాల్_ఆటగాడు | శుక్రవారం సాయంత్రం 5:15

కంగ్రాట్స్ అన్నా! ఇక చప్పుడు తగ్గించే సంగతి. నీ టీవీ 60 హెర్ట్జ్‌దైతే ఫ్రేములు 60కి కట్టేయి. టీవీ చూపించలేని ఫ్రేముల కోసం కార్డు ఊరికే కాగుతుంది. 4కేలో డీఎల్ఎస్ఎస్ ‘పెర్ఫార్మెన్స్’ పెట్టు, లోపల 1080పీలో గీసి పెద్దది చేస్తుంది. మానిటర్‌కి అడుగున్నర దూరంలో కూర్చుంటే తేడా పట్టేయొచ్చు, సోఫా మీద నుంచి నాకైతే తెలియలేదు. తర్వాత ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో అండర్‌వోల్ట్, అంటే కార్డుకి ఇచ్చే వోల్టేజీ తగ్గించడం. నా 3060 టీఐ 900 మిల్లీవోల్టుల దగ్గర 1800 మెగాహెర్ట్జ్‌లో నిలబడింది. ప్రతి కార్డూ ఒకేలా ఉండదు, ఆట మధ్యలో ఆగిపోతే కొంచెం పెంచుకో. బయోస్‌లో ప్రాసెసర్‌కి ఎకో మోడ్ (కరెంటు వాడకం తగ్గించేది) కూడా ఉంటుంది.

నిజాంపేట_నివాసి | ఆదివారం రాత్రి 11:50

మూడూ చేశాను. ఇంతకుముందు ఆట మధ్యలో కార్డు 190 వాట్లు చూపించేది, ఇప్పుడు నేనాడే ఆటలో 120 దగ్గర ఉంటోంది. అమ్మానాన్నల గది తలుపు మూశాక లోపల మంచం మీద కూర్చుని విన్నాను. సీలింగ్ ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. కంట్రోలర్ బ్లూటూత్‌లో అప్పుడప్పుడు తెగిపోతోంది. మనిషి ఒకే వైపు పరిగెడుతూ గోడకి గుద్దుకుంటున్నాడు.

కేబుల్_కాలనీ | సోమవారం ఉదయం 9:40

పీసీ వెనక యాంటెన్నా పెట్టావా? ఐటీఎక్స్ బోర్డుతో రెండు చిన్న యాంటెన్నాలు ఇస్తారు, బ్లూటూత్‌కి కూడా అవే కావాలి. చాలామంది వైఫై వాడం కదా అని డబ్బాలోనే వదిలేస్తారు. యూఎస్‌బీ 3 పోర్టులో పెన్‌డ్రైవో హార్డ్‌డిస్కో ఉంటే దాన్ని దూరం జరుపు. యూఎస్‌బీ 3 నడిచేటప్పుడు పుట్టే రేడియో చప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది, ఇంటెల్ 2012లోనే దీనిమీద పత్రం రాసింది. కంట్రోలర్‌కి యూఎస్‌బీ డాంగిల్ వాడేవాళ్ళు ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో దాన్ని దీవాన్ ముందుకి తెచ్చుకుంటే చాలు.

నిజాంపేట_నివాసి | సోమవారం రాత్రి 11:15

యాంటెన్నాలు డబ్బాలోనే ఉన్నాయి. పెట్టాను, గంటసేపు ఒక్కసారి కూడా తెగలేదు.

చిన్నపెట్టె | మంగళవారం ఉదయం 7:05

చాలా సంతోషం. దుమ్ము సంగతి ఒక్క ముక్క: దీవాన్ పక్కన, నేల మీద ఉంది కాబట్టి ఊడ్చినప్పుడల్లా దుమ్ము పీలుస్తుంది. కింద రెండు ఇటుకల ఎత్తు స్టాండు వెయ్. దుమ్ము ఆపే జాలీ నెలకోసారి తీసి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టు. ఏప్రిల్ వచ్చాక ఒకసారి టెంపరేచర్లు ఇక్కడ రాయి, అందరికీ పనికొస్తాయి.

నిజాంపేట_నివాసి | మంగళవారం రాత్రి 10:40

తప్పకుండా రాస్తాను. నిన్న మా ఆవిడ, నేను కలిసి మొదటిసారి ఆడాం. రెండో కంట్రోలర్ పక్కింటి అబ్బాయిది అడిగి తెచ్చాం, ఈ వారం సొంతది కొంటాం.

పాత టవర్ క్యాబినెట్, 550 వాట్ల ఎస్ఎంపీఎస్, పెద్ద ఎయిర్ కూలర్ మిగిలిపోయాయి. మూడూ బాగా పనిచేస్తున్నాయి. అమ్మాలని లేదు. మొదటి పీసీ కట్టుకుంటున్న స్టూడెంట్స్ ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను, నిజాంపేట వచ్చి తీసుకెళ్ళాలి.

కేపీహెచ్‌బీ_హాస్టల్ | మంగళవారం రాత్రి 11:02

అన్నా, నాకు కావాలి. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. బోర్డు, ప్రాసెసర్ కొన్నాను, క్యాబినెట్‌కి డబ్బులు కూడుతున్నాను. శనివారం పొద్దున రావచ్చా?

నిజాంపేట_నివాసి | మంగళవారం రాత్రి 11:06

రా తమ్ముడూ. పదింటికల్లా వచ్చేయ్, టిఫిన్ ఇక్కడే చేద్దువు. కూలర్ స్క్రూలు విడిగా కవర్‌లో కట్టి ఉంచుతాను.